రేసులకీ రాజకీయాలకీ ఏం సంబంధమన్నా? కందుకూరు తమ్ముడికి జవాబు

కందుకూరు తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ. తను ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, ఫార్ములా వన్ పిచ్చి కొత్తగా పట్టింది, కానీ రేసుల గురించి ఏది చదవబోయినా యుద్ధాలు, ఎన్నికలు, పన్నులు, కోర్టు కేసులే తగులుతున్నాయట. “నాకు కార్లు చాలన్నా, ఈ గొడవంతా ఎందుకు? అసలు హైదరాబాద్ రేసు ఎందుకు ఆగిపోయింది, ఎఫ్‌వన్ మళ్లీ ఇండియాకి వస్తుందా రాదా, అది చెప్పు” అన్నాడు.

కార్లు మాత్రమే చాలనుకుంటే ఆదివారం సాయంత్రం రెండు గంటలు చూసి టీవీ కట్టేయొచ్చు తమ్ముడూ, తప్పేం లేదు, నాకు తెలిసినవాళ్లలో సగం మంది అంతే. కానీ ఎందుకు ఆగింది, వస్తుందా రాదా అని అడిగావు చూడు, దానికి జవాబు స్పోర్ట్స్ పేజీలో దొరకదు. అయిదు ఎర్ర లైట్లు ఆరిపోగానే రేసు మొదలైందని మనం అనుకుంటాం. దానికి ఏళ్ల ముందే ఎక్కడో ఒక ప్రభుత్వం సంతకం పెట్టి ఉంటుంది, ఏటా కోట్ల డాలర్లు కట్టడానికి ఎవరో ఒప్పుకుని ఉంటారు. ఆ కట్టేవాడి దగ్గర డబ్బు అయిపోయినా, ఆ ప్రభుత్వం మారినా, పక్క దేశం క్షిపణి వేసినా, ఊరి వాగు పొంగినా రేసు లేదు. ఎవరి కారు ఎంత స్పీడన్నది ఆ తరవాతి సంగతి.

నేను ఒంగోల్లో స్పేర్ పార్ట్స్ షాపు నడుపుతా, వీలైనప్పుడల్లా చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై రేసు ట్రాక్‌కి మార్షల్‌గా, అంటే ట్రాక్ పక్కన జెండా పట్టుకుని నిలబడే మనిషిగా వెళ్లేవాణ్ణి. రేసు వారం లోపలి నుంచి ఎట్టా ఉంటుందో కొంత తెలుసు కాబట్టి కాస్త పొడుగ్గానే చెప్తా, ఓపిక చేసుకుని చదువు.

మీ ఊరి నుంచే మొదలుపెడతా. ప్రకాశమా నెల్లూరా అనే పంచాయితీ పక్కన పెడితే, కందుకూరులో పొగాకు వేలం కేంద్రం ఉంది కదా, వేలం నడిచే రోజుల్లో ఒకసారి దాని దగ్గర టీ కొట్టులో కూర్చుని విను. బేళ్లు దించి వచ్చిన రైతులు మాట్లాడుకునేది బ్రెజిల్‌లో పంట ఎంత వచ్చింది, జింబాబ్వేలో వానలు పడ్డాయా, డాలర్ ఎంత పలుకుతోంది అనే. కంపెనీ బయ్యర్ ఆ రోజు బ్రైట్ గ్రేడ్‌కి ఎంత పాడతాడు, లో గ్రేడ్ బేలు ముందు ఆగుతాడా, చూడనట్టు నడిచి వెళ్లిపోతాడా అన్నది ఆ వార్తల మీద ఆధారపడి ఉంటుందని వాళ్లకి బాగా తెలుసు. రొయ్యల చెరువు ఉన్నవాణ్ణి అడిగి చూడు, 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు కౌంట్ ధరలు ఏమయ్యాయో చెరువు గట్టు మీద నిలబడే లెక్క చెప్తాడు. ప్రపంచ వార్తలు మనకెందుకు అనే మాట మన జిల్లాల్లో చెల్లదు.

పొగాకు సంగతి ఊరికే ఎత్తలేదు. ఫార్ములా వన్ మూడు దశాబ్దాలకు పైగా ఆ డబ్బు మీదే నడిచింది. 1968లో లోటస్ కంపెనీ తన కార్లకి బ్రిటిష్ ఆకుపచ్చ రంగు తీసేసి గోల్డ్ లీఫ్ సిగరెట్ పెట్టె రంగులు వేసింది, ఆ తరవాత నలుపు బంగారు రంగుల్లో జాన్ ప్లేయర్ స్పెషల్, మెక్‌లారెన్ మీద మార్ల్‌బరో ఎరుపు తెలుపు, విలియమ్స్ మీద రాత్‌మన్స్. బ్రెజిల్ డ్రైవర్ అయర్టన్ సెన్నా ఫొటో ఎక్కడ చూసినా ఒంటి నిండా సిగరెట్ పేరే ఉంటుంది. ఇక ఆ ప్రకటనల్ని యూరప్ దేశాలు ఒక్కొక్కటే ఆపడం మొదలుపెట్టాక రేసులు రాజకీయాల్లోకి నిలువునా దిగబడ్డాయి.

1997లో బ్రిటన్‌లో లేబర్ పార్టీ గెలిచింది, పొగాకు ప్రకటనలు నిషేధిస్తామన్నది వాళ్ల హామీ. తీరా గెలిచాక ఫార్ములా వన్‌కి మాత్రం మినహాయింపు కావాలన్నారు. అప్పట్లో ఫార్ములా వన్ అంతా తన గుప్పిట్లో పెట్టుకున్న బెర్నీ ఎకిల్‌స్టోన్ ఎన్నికలకు ముందు ఆ పార్టీకి 10 లక్షల పౌండ్ల విరాళం ఇచ్చాడన్న సంగతి కొద్ది రోజుల్లోనే బయటికొచ్చింది. పార్టీ డబ్బు తిరిగిచ్చేసింది, ప్రధాని టోనీ బ్లెయిర్ టీవీ ముందు కూర్చుని సంజాయిషీ ఇచ్చుకోవాల్సి వచ్చింది. ఇంకో పక్క బెల్జియంలో పొగాకు చట్టం కారణంగా 2003లో అక్కడి స్పా ట్రాక్ మీద రేసే జరగలేదు, అందరూ నెత్తిన పెట్టుకునే స్పా! చివరికి 2005 జూలై 31 నుంచి యూరోపియన్ యూనియన్ అంతటా నిషేధం వచ్చింది. ఈలోపే 2004లో బహ్రెయిన్, చైనా, 2005లో టర్కీ క్యాలెండర్‌లోకి వచ్చేశాయి. అవి రావడానికి వేరే కారణాలూ ఉన్నాయి, కానీ అడ్డు చెప్పేవాళ్లు తక్కువున్న చోటికి రేసులు తరలిపోవడం అప్పుడే మొదలైంది. ఫెరారీ వాళ్లయితే ఆ తరవాత కూడా మార్ల్‌బరో పేరు తీసేసి అదే ఎరుపు మీద బార్‌కోడ్ లాంటి గీతలు వేసుకుని తిరిగారు, ఇది దొంగచాటు ప్రకటనేనని డాక్టర్లు గోల చేస్తే 2010లో దాన్నీ చెరిపేశారు.

పొగాకు పోయాక ఆ ఖాళీలోకి చమురు వచ్చింది. బహ్రెయిన్ తరవాత 2009లో అబుదాబి, 2021లో ఖతార్, సౌదీ. సౌదీ చమురు కంపెనీ అరామ్‌కో 2020 నుంచి పెద్ద స్పాన్సర్లలో ఒకటి. అక్కడి రేసులకి టికెట్లు అమ్మి డబ్బు రాబట్టాలన్న తొందర లేదు, ఖజానా కడుతుంది, దేశం పేరు ప్రపంచానికి కనపడితే చాలు. నాకు ఆ పద్ధతి నచ్చదు, అది వేరే సంగతి, కానీ లెక్క మాత్రం అదీ. మరి ఖజానా కట్టే చోట ఖజానాకి కష్టమొస్తే?

2011 చూడు. ఆ ఏడాది మొదటి రేసు మార్చి 13న బహ్రెయిన్‌లో. ఫిబ్రవరిలో అరబ్ దేశాల్లో జనం వీధుల్లోకి వచ్చారు, బహ్రెయిన్ రాజధాని మనామాలో పెర్ల్ కూడలి దగ్గర ప్రాణాలు పోయాయి, యువరాజే ముందుకొచ్చి రేసు జరపలేమన్నాడు. అంతవరకు అందరికీ తెలిసిందే. మనవాళ్లు చాలామంది మర్చిపోయింది తరవాతి భాగం. జూన్‌లో అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్‌ఐఏ బహ్రెయిన్ రేసుని మళ్లీ క్యాలెండర్‌లో పెట్టి అక్టోబర్ 30 తేదీ ఇచ్చింది. ఆ అక్టోబర్ 30 ఎవరిదనుకున్నావు? మనదే, మొట్టమొదటి ఇండియన్ గ్రాండ్ ప్రీ తేదీ! మన రేసుని డిసెంబర్‌కి నెట్టేశారు. జట్లు ఎదురు తిరిగాయి, ఒప్పుకోమన్నాయి, వారం తిరక్కుండానే బహ్రెయిన్ తప్పుకుంది, మన తేదీ మనకి తిరిగొచ్చింది. మనామా వీధుల్లో జరిగినదానికి గ్రేటర్ నోయిడాలో టికెట్ కొనాలనుకున్నవాడు క్యాలెండర్ తిప్పుకున్నాడు. ఇక గొడవంతా మనకెందుకు అంటే ఏం చెప్పమంటావు?

సౌదీలోని జెద్దా రేసు, 2022, ఇంకా చిత్రం. మార్చి 25, శుక్రవారం, మొదటి ప్రాక్టీస్ నడుస్తోంది. ఏదో కాలుతున్న వాసన వస్తోంది, నా కారా వేరేవాళ్ల కారా అని డ్రైవర్ వెర్‌స్టాపెన్ రేడియోలో అడిగాడు. కాలుతున్నది కారు కాదు, ట్రాక్‌కి పదహారు కిలోమీటర్ల దూరంలో ఉన్న అరామ్‌కో చమురు డిపో, యెమెన్ నుంచి హూతీ తిరుగుబాటుదారులు క్షిపణి వేశారు. టీవీలో గ్రాండ్‌స్టాండ్ వెనక నల్లటి పొగ లేస్తుంటే ముందు కార్లు తిరుగుతూనే ఉన్నాయి. ఆ రాత్రి డ్రైవర్లంతా ఒక గదిలో కూర్చున్నారు, నాలుగు గంటలకు పైగా, అర్ధరాత్రి దాటి రెండున్నర దాకా. కొందరు వెళ్లిపోదామన్నారని అప్పట్లో గట్టిగా వినిపించింది. ఆఖరికి ఆదివారం రేసు జరిగింది, వెర్‌స్టాపెన్ లెక్లెర్‌ని దాటి గెలిచాడు. డిపో మీద పేరూ ట్రాక్ చుట్టూ బోర్డుల మీద పేరూ ఒకటే అన్నది గుర్తుపెట్టుకుంటే ఆ వారం మొత్తం అర్థమవుతుంది.

అదే ఏడాది ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీదికి వెళ్లింది. సోచి రేసు ఒప్పందాన్ని వారం రోజుల్లోనే తెంచేశారు, అది 2014 నుంచి ఏటా జరుగుతున్న రేసు. హాస్ జట్టుకి ఉరల్‌కలి అనే రష్యన్ ఎరువుల కంపెనీ స్పాన్సర్, ఆ కంపెనీ అధిపతి కొడుకు నికితా మజెపిన్ డ్రైవర్. రెండూ ఒకే రోజు పోయాయి. సీజన్ మొదలవడానికి రెండు వారాలే ఉండగా అంతకుముందే ఎఫ్‌వన్ వదిలి వెళ్లిన కెవిన్ మాగ్నుసెన్‌ని పిలిపించారు, అతను వచ్చీ రాగానే బహ్రెయిన్‌లో అయిదో స్థానం కొట్టాడు. ఆ ఫలితం స్పోర్ట్స్ పేజీలోనే వచ్చింది, కానీ దాని వెనకున్నదంతా మొదటి పేజీ వార్తే.

వానలు, రోగాలు కూడా ఇంతే, వాటి గురించి ఎక్కువ చెప్పను. 2020 మార్చి 13న మెల్‌బోర్న్‌లో జనం గేట్ల దగ్గర క్యూలో నిలబడి ఉండగా రేసు రద్దన్నారు, మెక్‌లారెన్ ఉద్యోగికి కోవిడ్ వచ్చింది. ఆ సీజన్ జూలై 5న ఆస్ట్రియాలో గానీ మొదలవలేదు, చైనా అయితే 2024 దాకా తిరిగి రాలేదు. 2023 మేలో ఇటలీలోని ఇమోలా రేసు వరదల వల్ల ఎగిరిపోయింది. 2020లో జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ ట్రాక్‌లో పొగమంచుకి మెడికల్ హెలికాప్టర్ ఎగరలేక శుక్రవారం ఒక్క కారూ బయటికి రాలేదు. ట్రాక్ బాగానే ఉంది, కార్లూ రెడీ, కానీ హెలికాప్టర్ లేకుండా ఎవరినీ వదలరు.

సరుకు రవాణా గురించి ఎవరూ రాయరు, నాకేమో అదే ఇష్టమైన భాగం, షాపు మనిషిని కదా. ఒక్కో జట్టు గ్యారేజీ గోడలు, టేబుళ్లు, జాకీలు, వంటసామాన్ల లాంటి బరువులన్నీ ఒకటి కాదు నాలుగైదు సెట్లు కొని పెట్టుకుంటుంది, ఒక సెట్టు ఈ రేసులో వాడుతుంటే ఇంకోటి మూడో రేసు దేశానికి ఓడలో పోతూ ఉంటుంది. కార్లు, ఇంజిన్లు, కంప్యూటర్లు మాత్రం విమానంలో. 2021లో మెక్సికో నుంచి బ్రెజిల్‌కి వెళ్లాల్సిన విమానాలు వాతావరణం బాగాలేక ఆలస్యమైతే కొన్ని జట్లకి గురువారం దాకా గ్యారేజీలో సామానే లేదు. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో హూతీల దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా మొత్తం చుట్టి రావాల్సి వచ్చింది, రోజుల కొద్దీ ఎక్కువ ప్రయాణం. మన నెల్లూరు రొయ్యల కంటెయినర్లు యూరప్ వెళ్లేదీ ఆ దారినే కాబట్టి ఎగుమతి చేసేవాళ్లకి ఈ బాధ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మన దేశం సంగతి. ఇండియన్ గ్రాండ్ ప్రీ జరిగిన గ్రేటర్ నోయిడా బుద్ధ్ సర్క్యూట్ కట్టింది జేపీ గ్రూపు, డిజైన్ హెర్మన్ టిల్కెది, అయిదు కిలోమీటర్ల పైచిలుకు, డ్రైవర్లు ఇష్టపడిన ట్రాక్. 2011, 2012, 2013 మూడుసార్లు జరిగితే మూడుసార్లూ జర్మనీ డ్రైవర్ వెటెల్ గెలిచాడు, 2013లో నాలుగో టైటిల్ అక్కడే ఖాయం చేసుకుని గ్రాండ్‌స్టాండ్ ముందు కారు గిరగిరా తిప్పాడు. (మొదటి ఏడాది మొదటి ప్రాక్టీస్‌లో కుక్క ట్రాక్ మీదికొచ్చి అందరినీ ఆపేసింది, అది కూడా మన ముద్రే.) జనం రాక కాదు ఆగింది. కార్లు, సామాను దేశంలోకి తెచ్చి మళ్లీ తీసుకుపోతారు కదా, దానికి కస్టమ్స్ మినహాయింపు అడిగితే ఇది ఆట కాదు వినోదం అన్నారు. వినోదం కాబట్టి వినోదపు పన్ను. ఆపైన ఆదాయపు పన్ను కేసు, అది సుప్రీంకోర్టు దాకా వెళ్లి 2017 ఏప్రిల్‌లో తీర్పు వచ్చింది. రేసు జరిగిన ఆ కొద్ది రోజులూ ట్రాక్ మొత్తం ఫార్ములా వన్ కంపెనీ చేతిలోనే ఉంది, కాబట్టి దానికి ఇక్కడ శాశ్వత స్థావరం ఉన్నట్టే లెక్క, వచ్చిన ఆదాయానికి ఇక్కడ పన్ను కట్టాల్సిందే అని. కోర్టుని తప్పుపట్టడానికి ఏం లేదు, చట్టం అట్టా ఉంది. కానీ ఇతర దేశాలు ఎర్ర తివాచీ పరుస్తుంటే ఇక్కడికొచ్చి బిల్లుల పుస్తకం తెరిచేవాడు ఎవడు? జేపీ గ్రూపేమో అప్పుల్లో కూరుకుపోయింది, 2024లో జైప్రకాశ్ అసోసియేట్స్ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. ఈ మధ్యలో 2023 సెప్టెంబర్‌లో అదే ట్రాక్ మీద మోటోజీపీ బైకులు ఒక్కసారి తిరిగాయి, బెజెక్కి గెలిచాడు, మరుసటి ఏడాది లేదు.

హైదరాబాద్‌ది ఫార్ములా వన్ కాదు, ఫార్ములా ఈ, కరెంటు కార్లు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున 2.8 కిలోమీటర్ల ట్రాక్ మీద జరిగింది, జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. రేసు నిజంగా బాగుంది, చివర్లో కాసిడీ అతని వెనక అతుక్కుని వస్తుంటే బ్యాటరీ అయిపోతుందేమో అని ఒకటే టెన్షన్. రెండోది 2024 ఫిబ్రవరి 10న ఉండాలి. 2023 డిసెంబర్‌లో తెలంగాణలో ప్రభుత్వం మారింది, జనవరి 5న రద్దన్నారు. ఒప్పందం ప్రభుత్వమే ఉల్లంఘించిందని నిర్వాహకులన్నారు. పాత ప్రభుత్వం డబ్బు కట్టిన తీరే సరిగ్గా లేదని కొత్త ప్రభుత్వం అంది, 2024 డిసెంబర్‌లో ఏసీబీ కేసు కూడా పెట్టింది. ఎవరిది తప్పో తేల్చడానికి కోర్టులున్నాయి, పార్టీల అభిమానులు దయచేసి ఆ కొట్లాట ఇక్కడ పెట్టొద్దు. నువ్వు చూడాల్సింది ఒకటే. సంతకం ఒక ప్రభుత్వానిది, రేసు తేదీ ఇంకో ప్రభుత్వంలో పడింది.

ఇది మన దగ్గరే అనుకోకు. వియత్నాంలో హనోయ్ రేసు 2020 ఏప్రిల్‌లో జరగాలి, పిట్ బిల్డింగ్‌తో సహా కట్టేశారు, కోవిడ్ వచ్చింది, ఈలోపు ఆ రేసుని తెచ్చిన నగర ఛైర్మన్ వేరే కేసులో అరెస్టయ్యాడు, అంతే. ఒక్క రేసు కూడా జరగకుండానే కథ అయిపోయింది. కొరియాలో 2010 నుంచి 2013 దాకా నాలుగు జరిగాయి, తరవాత లెక్కలు కుదరక వదిలేశారు.

మరి చెన్నైలో ఎట్టా జరిగింది అంటావు. అక్కడా సాఫీగా ఏం జరగలేదు. ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల వీధి ట్రాక్, ఫార్ములా 4 అనే కింది మెట్టు కార్లు, 2023 డిసెంబర్ 9, 10 తేదీలన్నారు. ఆ వారం ఏమైందో నీకు గుర్తుండాలి, మిచాంగ్ తుపాను. చెన్నైని ముంచి, మన నెల్లూరు జిల్లాని తడిపి ముద్ద చేసి, డిసెంబర్ 5న బాపట్ల దగ్గర తీరం దాటింది. నీళ్లలో ఉన్న ఊళ్లో రేసు పెట్టలేరు కదా, వాయిదా వేశారు. ఆ తరవాత హైకోర్టులో కేసులు, ఆసుపత్రికి దారి ఏది, శబ్దం సంగతేంటి, ప్రజల డబ్బు దీనికెందుకు అని. కొన్ని షరతులతో కోర్టు ఒప్పుకుంది, 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1న లైట్ల వెలుగులో జరిగింది, మన దేశంలో రాత్రిపూట జరిగిన మొదటి వీధి రేసు. అక్కడ తేడా ఏంటంటే వాయిదా వేసిన ప్రభుత్వమే దాదాపు తొమ్మిది నెలల తరవాతా ఉంది, రాష్ట్ర క్రీడా సంస్థే ముందు నిలబడింది. అసెంబ్లీ ఎన్నిక మధ్యలో వచ్చి ప్రభుత్వం మారి ఉంటే? నేను పందెం కాయను.

ఎఫ్‌వన్ ఇండియాకి వస్తుందా అన్నదానికి నా జవాబు: ఇప్పట్లో నమ్మకం లేదు. ఏటా ఎక్కడో ఒక వార్త వస్తుంది, ఫలానా రాష్ట్రం ఆసక్తి చూపుతోంది, చర్చలు జరుగుతున్నాయి అని. చర్చలు అనే మాట కనపడితే పేజీ తిప్పెయ్. కస్టమ్స్, ఆదాయపు పన్ను సంగతి కేంద్రం రాతపూర్వకంగా తేల్చిందా, ఏటా ఇచ్చే ఫీజు అయిదేళ్లో పదేళ్లో కట్టేది ఎవరు, ట్రాక్‌కి ఎఫ్‌వన్ నడపడానికి ఉండాల్సిన ఎఫ్‌ఐఏ గ్రేడ్ 1 లైసెన్స్ ఉందా, ఈ మూడింటికీ జవాబున్న వార్త వచ్చిన రోజున నాకు ఫోన్ చెయ్, నేనే ముందు టికెట్ కొంటా. అదీగాక క్యాలెండర్‌లో చోటు లేదు. 24 రేసులకే జట్లవాళ్లు ఇల్లు మర్చిపోయామని మొత్తుకుంటున్నారు. మాడ్రిడ్ 2026లో వచ్చిందంటే ఇమోలా పోయింది, డచ్ రేసు జాండ్‌ఫోర్ట్‌కి 2026 ఆఖరుది, చివరికి స్పా కూడా 2028లో, 2030లో ఉండదు, వంతులేసుకుంటున్నారు. స్పాకే దిక్కులేని చోట మనం ఎవరిని లేపి కూర్చోవాలి?

ఇంకో మాట, ఇది నువ్వు అడగలేదు గానీ చెప్పాలి. కొరిశపాడు దగ్గర హైవే మీద వైమానిక దళం రన్‌వే ఉంది కదా, 2022 డిసెంబర్‌లో యుద్ధ విమానాలతో ట్రయల్ కూడా వేశారు. ఆ కాంక్రీట్ ముక్క నున్నగా, నిటారుగా ఉందని రాత్రిళ్లు బైకులు లాగించే పిల్లల గురించి వింటున్నా. అక్కడ మార్షల్ లేడు, అంబులెన్స్ లేదు, ఎదురుగా గేదె వస్తే జెండా ఊపేవాడు లేడు. అటు పోవద్దు.

పోవాలంటే ఇరుంగాట్టుకోట్టై పో. నెల్లూరు నుంచి కారులో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం రేసులు చూడొచ్చు. దారిలో రెడ్‌హిల్స్ ఇంకా రాకముందే షోలవరం తగులుతుంది, అక్కడి రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీదే ఒకప్పుడు రేసులు జరిగేవి. మన నెల్లూరు నుంచి పెద్దవాళ్లు లారీలెక్కి పోయి చూసొచ్చామని చెప్పేవాళ్లు. 1990లో మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాళ్లు ఇరుంగాట్టుకోట్టైలో సొంత ట్రాక్ కట్టుకున్నాక షోలవరం కథ ముగిసింది. మన దేశం నుంచి మొదట ఫార్ములా వన్ నడిపిన నరేన్ కార్తికేయన్ లాంటివాళ్లు పెరిగింది ఈ దక్షిణాది ట్రాకుల మీదే.

చూడటం కన్నా మార్షల్‌గా వెళ్లడం మేలు. ఎప్పటికప్పుడు క్లబ్ వాళ్లు పిలుస్తారు, ట్రైనింగ్ ఇస్తారు. ఒక మూల దగ్గర పోస్టులో నిలబెడతారు, ఎండకి ట్రాక్ మీద గాలి వణుకుతూ కనపడుతుంది, చేతిలో పసుపు జెండా కర్ర చెమటకి జారుతుంటుంది. ముందు కారు శబ్దం వినపడుతుంది, తరవాత కనపడుతుంది, బ్రేకులు కాలిన వాసన అది వెళ్లిపోయాక వస్తుంది. ఒక జెండా ఊపితే జాగ్రత్త, దాటొద్దు అని. రెండు ఊపితే ఆపడానికైనా సిద్ధంగా ఉండు, ట్రాక్ మీద మనిషి ఉన్నాడు అని. ఆ మనిషి నీ పక్కన నిలబడ్డ మార్షలే అయ్యుంటాడు, ఆగిన కారుని తోయడానికి వెళ్లి ఉంటాడు. పోస్టులన్నీ రేడియోలో సరే అనాలి, అంబులెన్స్ డాక్టర్ చోటులో ఉన్నాడని చెప్పాలి, అప్పుడు గానీ కంట్రోల్ రూమ్ నుంచి మాట రాదు. ఒక్క చిన్న రేసుకే ఇంతమంది సరే అనాలంటే దేశాల మధ్య జరిగేదానికి ఎంతమంది అనాలో అక్కడ ఒక పూట నిలబడితే తెలుస్తుంది.

ఇంజినీరింగ్ అన్నావు కాబట్టి ఆఖరిగా ఇది. కాలేజీ పిల్లలు సొంతంగా కారు కట్టి తెచ్చే పోటీలున్నాయి. ఫార్ములా భారత్ కోయంబత్తూరు కారి ట్రాక్ మీద జరుగుతుంది, బాహా అంటే మట్టి రోడ్ల బండ్లు, అది మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్ వైపు. మీ కాలేజీలో టీమ్ ఉందేమో ముందు కనుక్కో. లేకపోతే వర్క్‌షాప్ సార్‌ని పట్టుకో, నలుగురిని పోగెయ్, మొదటి ఏడాది డ్రాయింగులతోనే గడిచిపోయినా ఫర్వాలేదు. బేరింగులు, బ్రేకు పైపులు, నట్లు బోల్టులు లాంటివి కావాలంటే కొనేముందు నాకు లిస్టు పంపు, షాపులో ఉన్నవి కొన్న ధరకే పక్కన పెడతా.